కొండ కింద ఎర్రగుడ్డ

మా దుకాణంలో గల్లా వెనక గోడంతా కొండలే. భువనగిరి, అనంతగిరి, రాచకొండ, మెదక్ ఖిల్లా, దేవరకొండ. ప్రతి ఫొటోలోనూ మావాళ్లు ఎండకి కళ్లు చికిలించుకుని వరసగా నిలబడి ఉంటారు, వాళ్ల వెనకాల ఊళ్లూ చెరువులూ పొలాలూ పరుచుకుని ఉంటాయి. పటాలు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ గోడ చూసి, మీరు బాగా తిరుగుతారే అంటారు నాతో. తిరుగుతాం అంటాను. ఇంకేమంటాను? ఆ ఇరవై రెండు పటాలకీ బీడింగ్ చెక్క కోసింది నేను. అద్దాలు తుడిచింది నేను. వెనక అట్ట పెట్టి మేకులు కొట్టింది నేను. ఆ ఇరవై రెండు సార్లలో ఒక్కసారి కూడా నేను కొండెక్కలేదు.

నా పేరు సుబ్బరత్నం. మా నాయనమ్మ పేరు పెట్టి, ఊయల్లో ఉండగానే నన్ను ముసలిదాన్ని చేశారు మా నాన్న భావనారాయణగారు. ఆయన యాభై ఆరులో రాజధాని మారినప్పుడు ఆఫీసు ఫైళ్లతోపాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చిన గుమాస్తా. హిమాయత్‌నగర్‌లో రెండు గదుల వాటాలో పెరిగాను. సెలవు రోజున మా నాన్న మమ్మల్ని బయటికి తీసుకెళ్లడమంటే గుంటూరు నుంచి వచ్చిన చుట్టాల్ని నాంపల్లి స్టేషన్లో రైలెక్కించడం, వచ్చేటప్పుడు మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీమ్ తినిపించడం. అది కూడా రైలు టైముకి వస్తేనే. ఆలస్యమైతే ఐస్‌క్రీమ్ లేదు, నడవండి ఇంటికి.

అందుకే పెళ్లిచూపుల్లో విజయేందర్‌గారు, అంటే మా ఆయన, వాళ్లింటి కొండల గురించి చెప్పినప్పుడు నేను పడిపోయాను. వాళ్లది పాత హైదరాబాదు కుటుంబం. అబిడ్స్‌లో పటాలు కట్టే దుకాణం. ఏటా నుమాయిష్‌లో, అంటే నాంపల్లి ఎగ్జిబిషన్‌లో, ఒక స్టాల్ కూడా పెడతారు. జనవరి ఒకటి నుంచి నలభై ఐదు రోజులు ఆ దుమ్ములో, ఆ మైకుల హోరులో, ఆ జనంలో నిలబడి, అది ముగిసిన మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ ఏదో ఒక కొండెక్కి కూర్చుంటారట. మామగారు శ్రీపతిగారు పెట్టిన పద్ధతి అది. నలభై ఐదు రోజులు జనం కాళ్ల కింద ఉన్నాం కదా, ఒక్కరోజు జనానికి పైన ఉందాం అనేవారట ఆయన. పైనుంచి చూస్తే రోడ్డు దారప్పోగంత ఉంటుందని, గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదని మా ఆయన చెప్తూ ఉంటే నేను తలొంచుకోవడం మర్చిపోయి ఆయన మొహంలోకి చూశాను. మా అమ్మ వద్దంది. వాళ్ల మాట వేరు, వాళ్ల కారం వేరు అంది. నేను మాత్రం కొండలెక్కించే ఇల్లని ఒప్పుకున్నాను. ఆ ఒక్క కారణానికే ఒప్పుకున్నానని ఇప్పటికీ మా ఆయనకి తెలియదు.

మొదటి ఏడు భువనగిరి. కొత్త కోడల్ని, కొత్త చీర కట్టుకున్నాను, చెప్పులు కూడా ఎక్కడానికి వీలుగా ఉండేవి చూసి మరీ కొనుక్కున్నాను. కొండ మొదట్లో మా అత్తగారు ప్రభావతిగారు చాప పరుచుకుని చతికిలబడ్డారు. మోకాళ్లు పట్టేసినయి, నాతోని కాదు, మీరు పొండ్రి అన్నారు. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్లు. మామగారు నావైపు తిరిగారు.

"బిడ్డా, నువ్వు జర అత్తమ్మ కాడ ఉండు. ఒక్కతి ఎట్లుంటది? వచ్చేసారి ఎక్కుదువు."

కొత్త కోడలు ఏమంటుంది? సరే మామయ్యగారూ అన్నాను. వాళ్లు ఆ రాతి మీద పైకి పోతూ పోతూ చిన్నగా అయిపోవడం చూస్తూ నిలబడ్డాను. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. కిందకి దిగివచ్చాక పైనేం కనిపించిందని అడిగితే మా ఆయన, "మస్తుండె" అన్నారు. పెళ్లిచూపుల్లో అన్ని మాటలు చెప్పిన మనిషి, పెళ్లయ్యాక ఒక్క మాటతో సరిపెట్టారు.

రెండో ఏడు కడుపుతో ఉన్నాను. మూడో ఏడు మా అక్షిత చంటిది. నాలుగో ఏడు చెప్పుకోవడానికి ఏ కారణమూ లేదు గానీ అప్పటికి నేను కింద ఉండటం రివాజైపోయింది. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరూ రమ్మనలేదు. వ్యాను దిగగానే చాప నా చేతికి, టిఫిన్ డబ్బాలు నా చేతికి, రాతి మీద జారతాయని విప్పిన అందరి చెప్పులూ నా ముందు. ఒక ఏడు తెగించి మా ఆయనతో అన్నాను, ఈసారి అత్తయ్య దగ్గర మీరుండండి, నేనెక్కుతాను అని. నేను లేకుంటే నాయనను ఎవరు పట్టుకుంటరు అన్నారు ఆయన. మామగారేమో అందరికంటే ముందు మేకపోతులా ఎక్కే మనిషి, ఆయన్ని పట్టుకునేదేమిటి? పోనీ అత్తయ్యని ఒక్క గంట ఒంటరిగా వదిలేద్దామంటే, కోతులుంటయ్ అన్నారు. కోతులకి భయపడి నన్ను కాపలా పెట్టారన్నమాట. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకుని పులిహోర కలిపాను.

ఎర్రగుడ్డ మామగారి ఆలోచన. బాలాజీ పటాల వెనక వేసే ఎర్ర వెల్వెట్ ముక్క ఒకటి పెద్దది నా చేతికిచ్చి, మేం పైకెక్కి కేకేస్తే నువ్వు ఇది ఊపాలె, అప్పుడు మీరెక్కడున్నరో మాకు తెలుస్తది అన్నారు. వాళ్ల కేక నాకు వినిపించినా వినిపించకపోయినా, పైన చీమల్లాంటి మనుషులు కదిలితే చాలు, నేను లేచి ఊపేదాన్ని. రెండు చేతులతో, ఎగిరి ఎగిరి. పైనుంచి వాళ్లు ఫొటోలు తీసుకునేవాళ్లు.

అక్షితకి పదేళ్లున్నప్పుడు, అనంతగిరి ఫొటో ప్రింటు వేయించి తెస్తే, అది వేలితో ఓ మూల చూపించి, "మమ్మీ, ఇగో నువ్వు" అంది. దుకాణంలో భూతద్దం పెట్టి చూశాను. చెట్ల మధ్య ఆవగింజంత ఎర్ర చుక్క. అత్తగారు అసలు లేరు, చాప లేదు, నేను కూడా లేను. గుడ్డ ఒక్కటే ఉంది. సరే, అదైనా ఉంది కదా అనుకుని, ఆ చుక్క కనిపించేలా ఫొటో చుట్టూ వేసే మౌంట్ అట్ట కోశాను. అట్ట ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా వచ్చింది. మామగారు పటాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మార్జిన్ సమానం లేదు, నలభై ఏండ్ల దుకాణం పరువు తీస్తవా అని నవ్వుతూనే అన్నారు. మళ్లీ కోశాను. మార్జిన్ సమానంగా వచ్చింది, చుక్క అట్ట కిందకి పోయింది. ఇప్పటికీ ఆ పటంలో నేను అట్ట కిందే ఉన్నాను.

ఇక కింద కూర్చున్న ఆ మూడేసి గంటల సంగతి. అత్తగారు చాప మీద కూర్చుని, రాతికి వీపానించి, కళ్లు మూసుకునేవారు. పాపం మోకాళ్ల నొప్పి, పాపం ఒంటరితనం, పాపం అందరూ పైకి పోతే ఈవిడ ఇక్కడ అని నా మనసు కరిగిపోయేది. అందుకని మాట్లాడేదాన్ని. మా హిమాయత్‌నగర్ కబుర్లు, మా నాన్న రైలు కబుర్లు, అక్షిత బడి కబుర్లు, ఒక్క నిమిషం గ్యాపు ఇవ్వకుండా. మాట్లాడుతూ మాట్లాడుతూనే సీసాలోంచి నొప్పుల నూనె తీసి ఆవిడ మోకాళ్లకి రాసేదాన్ని. ఏడాదికి ఒకసారి కొండ కింద, మిగతా రోజుల్లో శనివారం శనివారం ఇంట్లో. ఆవిడ వద్దనలేదు. బాగుందనీ అనలేదు. ఒక్కోసారి కళ్లు తెరిచి నావైపు చూసి, మళ్లీ మూసుకునేవారు. నొప్పి కాబోలు అనుకుని ఇంకాస్త గట్టిగా రాసేదాన్ని.

కరోనా ఏడు నుమాయిష్ లేదు, కొండా లేదు. రెండేళ్ల కిందట ఆషాఢంలో మామగారు పోయారు. ఉన్నట్టుండి, దుకాణంలో గల్లా దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, నేను బాగానే ఏడ్చాను. ఆయన పటం కూడా నేనే కట్టాను, రాచకొండ మీద తీసిన ఫొటోతో. సంవత్సరీకం కాలేదు కాబట్టి ఆ మరుసటి నుమాయిష్ తరవాత ఎక్కడికీ పోలేదు. ఇక ఈ ఏడు.

ఈ ఏడు ఎక్కకపోతే ఇక నేనెప్పుడూ ఎక్కలేను. ఆ సంగతి నాకు డిసెంబరులోనే తెలిసింది. కుడి మోకాలు వాచి, దుకాణంలో అటక మీదకి నిచ్చెన ఎక్కలేక దవాఖానకి పోతే, డాక్టరు స్కాన్ తీసి ఎముకకి ఎముక రాసుకుంటోందమ్మా అన్నాడు. పాతికేళ్లుగా రోజంతా నిలబడి మేకులు కొట్టడం, నాంపల్లిలో మా ఇంటి రెండంతస్తులూ పూటకి రెండుసార్లు ఎక్కి దిగడం, మరేమవుతుంది? మందులు రాసిచ్చి, మెట్లు తగ్గించండి, కొండలూ గిండలూ ఎక్కకండి అని నవ్వాడు. నాతో! కొండలెక్కకండి అని నాతో! నేను కూడా నవ్వాను. ఆటోలో కూర్చున్నాక ఏడుపొచ్చింది. నాంపల్లి వచ్చేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇక శాశ్వతంగా చాప మీద కూర్చోబెడతారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏదో ఒక కొండ పైకెక్కి కిందకి చూసి, ఆ తరవాత మోకాలు ఏ గంగలో కలిసినా ఫర్వాలేదనుకున్నాను. కానీ అక్షిత నా బీరువాలో రిపోర్టు చూసేసింది. దానికిప్పుడు ఇరవై మూడు. అది నన్ను తిట్టలేదు, జాలిపడలేదు, కాసేపు గోళ్లు కొరుక్కుని, "నౌబత్ పహాడ్ పోదాం మమ్మీ. చిన్నది. నువ్వు ఎక్కగలవ్. హుస్సేన్‌సాగర్ మొత్తం కనిపిస్తది" అంది.

నౌబత్ పహాడ్ మా డాబా మీద నుంచి కనిపిస్తుంది. దాని మీద బిర్లా మందిర్ తెల్లగా మెరుస్తూ ఉంటుంది. కానీ మామగారి లెక్కలో అది కొండే కాదు, కారు పోయే కొండ ఏం కొండ అనేవారు. అందుకే పాతికేళ్లలో ఒక్కసారి కూడా మావాళ్లు దాని మొహం చూడలేదు, నాకు దుకాణం వదిలి పోయే తీరిక లేదు. భువనగిరి ఎక్కుదామని కొత్త చెప్పులు కొనుక్కున్నదాన్ని, చివరికి చంటిపిల్లలెక్కే కొండకి దిగాను. అయినా సరే అనుకున్నాను. కొండ చిన్నదైతే ఏం, పైన అనేది పైనే కదా.

మర్నాడు టిఫిన్ల దగ్గర చెప్పేశాను. ఈసారి నౌబత్ పహాడ్, ఈసారి కింద అత్తయ్య దగ్గర మీరుంటారు, ఈసారి నేనెక్కుతాను అని మా ఆయనకి. ఆయన చెయ్యి ఇడ్లీ మీద ఆగిపోయింది. గదేందని నీళ్లు నమిలి, తల్లి వైపు చూశారు. అత్తగారు తల కూడా ఎత్తలేదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఎక్కనీయ్‌రా" అన్నారు అంతే. ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఆ శనివారం మామూలుకంటే ఎక్కువసేపు నూనె రాశాను.

నుమాయిష్ ముగిశాక వచ్చిన ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నడిచే పోదాం అన్నారు అత్తగారు, మీ మామ ఉంటే గట్లనే అనెటోడు అని. నేను ఎవరూ చూడకుండా రెండు నొప్పి మాత్రలు వేసుకున్నాను. పులిహోర, పెరుగన్నం, నీళ్ల సీసాలు, చాప. పబ్లిక్ గార్డెన్స్ గోడ వెంట, అసెంబ్లీ ముందు నుంచి నడుస్తూ ఉంటే అత్తగారు మా అందరికంటే నాలుగడుగులు ముందే ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. చలికి ఒళ్లు తేలిగ్గా ఉంది కాబోలు అనుకున్నాను. ఆవిడ వెనక నేను కుంటకుండా నడవడానికి పళ్లు బిగబట్టి అవస్థ పడుతున్నాను కాబట్టి అంతకంటే ఆలోచించలేదు.

కొండ కింద, మెట్లు మొదలయ్యేచోట, చెట్టు కింద ఒక సిమెంటు గట్టు ఉంది. అలవాటుకొద్దీ నేనే దాని మీద చాప పరిచాను. రండి అత్తయ్యా కూర్చోండి అని వెనక్కి తిరిగితే ఆవిడ కూర్చోవడానికి రాలేదు. కొంగు నడుముకి దోపుకుని మెట్లెక్కుతున్నారు. ఒకటి, రెండు, మూడు, రెయిలింగ్ పట్టుకోకుండా. మేం ముగ్గురం చూస్తూ ఉండగానే పది మెట్లు ఎక్కేశారు.

"అమ్మా, మోకాళ్లు!" అన్నారు మా ఆయన.

"నా మోకాళ్లకేమైందిరా? మంచిగనే ఉన్నయ్."

"మంచిగున్నాయా?" అన్నాను నేను. "ఇరవై రెండేళ్లు నూనె రాశాను అత్తయ్యా."

ఆవిడ ఆగారు. వెనక్కి తిరిగి, రెండు మెట్లు దిగి, ఆ మెట్టు మీదే కూర్చున్నారు. మొహంలో కోపం లేదు, సిగ్గు లేదు. కూర ధర చెప్పినంత మామూలుగా చెప్పారు.

"రాస్తివి. నేను రాయమన్ననా? మీ మామతోని పొద్దంత దుకాణంల, పొద్దుగూకినంక ఇంట్ల. యాభై ఏండ్లు ఆయన గొంతే ఇన్న. ఏడాదికి మూడు గంటలు ఆయన కొండ మీద, నేను కింద. గా మూడు గంటలు నాయి. మోకాళ్లని చెప్పకుంటే నన్ను ఇడుస్తుండెనా?"

మా ఆయన మొహం పక్కకి తిప్పుకుని రోడ్డు మీద బస్సులు చూడటం మొదలుపెట్టారు. నేను ఊరుకోలేదు.

"మీ మూడు గంటలు మీకు కావాలి, బాగుంది. మరి నన్నెందుకు కట్టేశారు మీ పక్కన?"

"నేనెక్కడ కట్టేసిన? ఉండమన్నది మీ మామ. ఉన్నది నువ్వు. నాకు ఒక్కదాన్నే కూసోవాలనుండె. నువ్వు పక్కన కూసొని గా మూడు గంటలు నోరు మూయకపోతివి." ఆవిడ గొంతు తగ్గించారు. "ఏడాదికోపారి చూస్తుంటి, ఇయ్యాలన్న ఈ పిల్ల నేను పైకి పోత అత్తమ్మా అంటదేమోనని. ఒక్కసారన్న అనకపోతివి."

"మీరు చెప్పొచ్చు కదా, నువ్వు పో అని."

"ఏమని చెప్పాలె? నా మోకాళ్లు మంచిగున్నయనా?"

అంతే చెప్పి లేచి, చీర సర్దుకుని ఎక్కడం మొదలుపెట్టారు. నేను అక్కడే నిలబడిపోయాను. ఇరవై రెండేళ్లు ఆవిడ నన్ను పంపించేద్దామని చూశారు, నేను వెళ్లిపోదామని చూశాను, ఇద్దరమూ నోరు విప్పకుండా ఒకే చాప మీద కూర్చున్నాం. కాదు, నోరు విప్పాను, నేనే విప్పాను. మూడేసి గంటలు మాట్లాడాను. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మామగారి మీదా? ఆయన పటంలో ఉన్నారు. అత్తగారి మీదా? ఆవిడ పాతికో మెట్టు మీద ఉన్నారు. నా మీద నాకే చెప్పుతో కొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది.

ఆ కోపంతోనే ఎక్కాను. రెయిలింగ్ పట్టుకుని, ఎడమ కాలు పైన పెట్టి, కుడి కాలు దాని పక్కకి లాక్కుని, ఒక్కో మెట్టు. పద్నాలుగో మెట్టు మీద మోకాలి లోపల ఏదో పక్కకి తప్పుకున్నట్టయింది. కాలు నిలవలేదు. మెట్టు మీద కూలబడ్డాను. ఎవరో ముసలాయన ఆగి, నీళ్లు కావాలా అమ్మా అని అడిగి వెళ్లాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద అయ్యుంటాడు. టకటకా ఎక్కిపోయాడు.

అక్షిత, వాళ్ల నాన్న చెరో రెక్క పట్టుకుని నన్ను గట్టు మీదకి దించారు. అక్షిత రిపోర్టు సంగతి ఆయనకి అప్పుడే చెప్పేసింది. ఆయన నా మోకాలి వైపు, పైన చిన్నగా కనిపిస్తున్న వాళ్లమ్మ వైపు మార్చి మార్చి చూశారు. మంచి మనిషే, ఎవరికీ చెడు చెయ్యాలని లేదు ఆయనకి. అదే వచ్చిన చిక్కు.

"నువ్వు గీడ కూసో. అమ్మ ఒక్కతి పోతున్నది పైకి, నేను పోవాలె. నువ్వు ఫికర్ చెయ్యకు, వచ్చేసారి ఎక్కుదువు."

తండ్రి మాటే, పొల్లుపోకుండా. ఏమన్నారో ఆయనకే తెలియదు. అన్నేసి, గుళ్లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి ఆయన ఫోను నా ఒళ్లో పెట్టారు. అక్కడ ఫోన్లు పెట్టుకునే కౌంటరుంది. కానీ ఇంటి మనిషి ఉండగా కౌంటరెందుకు? చెప్పులు కూడా విప్పి నా ముందు పెట్టారు. ఆయన మెట్లెక్కిపోయారు.

అక్షిత కదల్లేదు. గట్టు మీద నా పక్కన కూర్చుని, నేనుంటా మమ్మీ నీ దగ్గర అంది. ఆ మాట వినగానే నాకు భువనగిరి కింద పరిచిన చాప గుర్తొచ్చింది.

"ఉన్నావంటే కాళ్లు విరగ్గొడతాను. లే. పైకి ఫో."

అది బిత్తరపోయింది. జన్మలో నేను దానితో అలా మాట్లాడలేదు. కళ్లల్లో నీళ్లు తిరుగుతూ ఉంటే తన ఫోను కూడా నా చేతిలో పెట్టి, వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్లింది. మలుపు తిరిగేదాకా నేను చెయ్యి ఊపి పో పో అంటూనే ఉన్నాను.

తరవాత చాలాసేపు కూర్చున్నాను. ఒళ్లో రెండు ఫోన్లు, ముందు చెప్పులు, పక్కన పులిహోర డబ్బా. మోకాలు పొంగుతూ ఉండటం చీర పైనుంచే తెలుస్తోంది. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. చంటిపిల్లల్ని చంకనేసుకుని ఎక్కుతున్నారు. దిగుతున్న ఒక పిల్ల, సాగర్ నీళ్ల మధ్యలో రాతి బుద్ధుడు ఇంతే ఉన్నాడని రెండు వేళ్లతో వాళ్లమ్మకి చూపిస్తోంది. ఎంత ఉన్నాడో నేను కూడా చూశాను, ఆ రెండు వేళ్ల మధ్య. ఇక ఆ చూడటమే నాకు మిగిలిందని అర్థమైంది.

మందు కోసం సంచీలో చెయ్యి పెడితే ఎర్రగుడ్డ తగిలింది. ఈసారి ఎక్కేది నేనైనా, అలవాటుకొద్దీ అది కూడా సర్దాను కాబోలు. నూనె సీసా కూడా ఉంది. గుడ్డ బయటికి తీసి చూశాను. పాతికేళ్లకి ఎరుపు కాస్త గులాబీ అయింది, అంచులు పీచులు వచ్చాయి. అప్పుడే పైన గుడి గోడ దగ్గర ముగ్గురు కనిపించారు. మధ్యలో అత్తగారు. పక్కన మా ఆయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని కిందకి వంగి చూస్తున్నారు. అటు చూశారు, ఇటు చూశారు. చేతులు నోటికి అడ్డం పెట్టి కేక కూడా వేసినట్టున్నారు. రోడ్డు మీద బళ్ల చప్పుడులో నాకు వినిపించలేదు.

చెయ్యి లేవబోయింది. నిజం చెప్తున్నాను, నా ప్రమేయం లేకుండానే లేచింది, గుడ్డతో సహా. దాన్ని కిందకి దించుకున్నాను. గుడ్డ నాలుగు మడతలు పెట్టి, గట్టు మీద పరిచి, దాని మీద కూర్చున్నాను. వెతకనీ అనుకున్నాను. ఆయన గోడ వెంట ఆ చివరికి పోయి చూశారు, మళ్లీ ఈ చివరికి వచ్చి చూశారు. ఇరవై రెండేళ్లలో నన్ను ఇంతసేపు చూడటానికి ఎవరూ ప్రయత్నించలేదు. అత్తగారు మాత్రం వెతకలేదు. ఆవిడ అటు తిరిగి, సాగర్ వైపు చూస్తూ, కదలకుండా నిలబడ్డారు.

గంటకి దిగివచ్చారు. అక్షిత నా మొహం చూసి డబ్బాలు విప్పింది. అత్తగారు వచ్చి గట్టు మీద నా పక్కన కూర్చున్నారు, ఆయాసం కూడా లేదు. సంచీలోంచి నూనె సీసా తీసి, నా చీర కాస్త పైకి జరిపి, వాచిన మోకాలి మీద చెయ్యి పెట్టారు. వద్దు అన్నాను. ఆవిడ చెయ్యి తీసేశారు.

పైన ఏం కనిపించిందని ఈసారి నేను అడగలేదు. అడక్కపోయినా మా ఆయన, మస్తుండె అన్నారు. అని, చెప్పులు తొడుక్కుంటూ అడిగారు.

"గుడ్డ ఊపలేదేంది? మస్తు ఎతికినం. నువ్వు కనవడనే లేవు."

"ఇన్నేళ్లూ కనబడ్డానా?" అన్నాను.

ఆయన చెప్పు పట్టీ పెట్టుకోవడం ఆపి, నిజంగానే ఆలోచించారు. జ్ఞాపకం చేసుకుని, నన్ను సంతోషపెడదామని నవ్వుతూ చెప్పారు.

"కనవడ్డవ్. ఎందుకు కనవడలే? అప్పుడు ఎర్రగుడ్డ ఉండె గదా."